రొయ్య, వైన్ కలిసి ఉడకకూడదు: ఇంట్లో చేసుకునే రొయ్యలు, ఎండ్రకాయలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కడప మార్కెట్లో కిలో రొయ్యలు తెచ్చారు. తెల్లగడ్డ వేసి తాలింపు పెట్టి, రొయ్యలు వేసి, పైన ఒక గ్లాసు రెడ్ వైన్ పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉడికించారు. రొయ్యలు గట్టిపడి సాగాయి, రంగు ఊదాగా మారింది, రసం కాస్త తీపి, కాస్త చేదు, ముక్కుకి మందు వాసన. ఎక్కడ తప్పు జరిగింది, మళ్లీ ఎలా చేయాలి అని ప్రశ్న.

తప్పు చేతిలో లేదు, వరసలో ఉంది. రొయ్యకు కావలసిన వేడి మొత్తం కలిపి రెండు నిమిషాలు. వైన్‌కు కావలసింది మూడు నాలుగు నిమిషాల గట్టి మరుగు. రెండింటినీ ఒకేసారి గిన్నెలో వేస్తే, రొయ్య సరిగ్గా ఉన్నప్పుడు వైన్ పచ్చిగా ఉంటుంది, వైన్ సరిపడా మరిగేసరికి రొయ్య ఎండిపోతుంది. అందుకే రొయ్యల్ని ముందు వేయించి బయటికి తీయాలి. అదే పెనంలో వైన్‌ను ఒంటరిగా మరిగించాలి. చివరి అర నిమిషంలో రెండింటినీ కలపాలి. కింద చెప్పేదంతా ఈ వరస చుట్టూ తిరిగేదే.

లోపల జరిగేది తెలిస్తే చేయి తనంతట తానే సరిపడుతుంది. రొయ్య మాంసకృత్తులు 50 డిగ్రీలు దాటగానే బిగుసుకోవడం మొదలవుతుంది. లోపలి వేడి 63 డిగ్రీలకు చేరితే ఉడికినట్టే లెక్క. అక్కణ్నుంచి ప్రతి అర నిమిషానికీ కండ నీటిని బయటికి పిండేస్తుంది. మీ రొయ్యలు అంత చిన్నవైపోయి, పెనం నిండా నీళ్లు ఊరింది అందుకే. ఇక వైన్‌లో సుమారు 12 శాతం ఆల్కహాలు, టార్టారిక్ ఆమ్లం వంటి పులుపు పదార్థాలు, కాస్తంత చక్కెర ఉంటాయి. మూత పెడితే ఆవిరి పైకి పోక మళ్లీ గిన్నెలోకే జారుతుంది. మందు వాసన పోకపోవడానికి కారణం ఆ మూతే.

వైన్ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మన మూడు జిల్లాల్లో చిక్కంతా అక్కడే. కర్నూలు, అనంతపురం, కడపల్లో షాపు పైన ‘వైన్స్’ అని రాసి ఉన్నా, లోపల అల్మారాల్లో ఉండేది ఎక్కువగా బ్రాండీ, విస్కీ, బీరు. ద్రాక్ష వైన్ కావాలని విడిగా అడగాలి. చాలాచోట్ల చేతికిచ్చేది పోర్ట్ పేరుతో వచ్చే తియ్యటి ఎర్ర వైన్. రొయ్యలకు అంతకంటే పనికిరానిది లేదు. మరిగించి మూడో వంతుకు తెచ్చినప్పుడు అందులోని చక్కెరా మూడింతలవుతుంది, తొక్కల నుంచి వచ్చే వగరూ మూడింతలవుతుంది. రొయ్యలకు పట్టిన ఊదా రంగు ఆ తొక్కలదే. దానికితోడు ఎర్ర వైన్‌లో ఇనుము పాలు ఎక్కువైతే, చేపలు రొయ్యలతో కలిసినప్పుడు నీచు వాసనను ఇంకా పైకి లేపుతుంది.

కావలసింది వైట్ వైన్, అందులోనూ డ్రై (అంటే తీపి లేనిది) అని రాసి ఉన్నది. సోవిన్యోన్ బ్లాంక్ రకం రొయ్యలకు బాగా కుదురుతుంది, పులుపు శుభ్రంగా ఉంటుంది. షెనిన్ బ్లాంక్ కొంచెం తీపి వైపు ఉంటుంది. అదే దొరికితే వాడండి, కానీ ఎర్రగడ్డ తగ్గించండి, చివర్లో నిమ్మరసం ఒక టీస్పూన్ పెంచండి. నాసిక్ దగ్గర సులా వాళ్లవి, బెంగళూరు పక్కన నంది కొండల్లో గ్రోవర్ వాళ్లవి ఈ రెండు రకాల్లోనూ ఉన్నాయి. చెక్క పీపాల్లో నిల్వ చేసిన షార్డొనే రకం వైట్ వైన్ వద్దు, మరిగితే చెక్క చేదు పైకి వస్తుంది. ఖరీదైన సీసా అక్కర్లేదు. చల్లగా ఒక గుక్క తాగి చూస్తే నోటికి బాగుందనిపించాలి, అది చాలు. వంట కోసమని ఉప్పు కలిపి అమ్మే ‘కుకింగ్ వైన్’ జోలికి మాత్రం పోవద్దు. మరిగేకొద్దీ ఆ ఉప్పు పెరుగుతుంది, దాన్ని తగ్గించే దారి లేదు. బళ్లారి నుంచో బెంగళూరు నుంచో వచ్చేటప్పుడు నాలుగు సీసాలు కారులో వేసుకొద్దామనుకునేవారు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోకుండా ఆ పని చేయకండి. సరిహద్దు తనిఖీల్లో పట్టుకుంటారు, కేసులు కడతారు.

సీసా విప్పాక ఒక వంటకు పోయేది 120 మి.లీ. మాత్రమే. 750 మి.లీ. సీసాలో మిగిలింది బిరడా గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే వంటకు వారం పనికొస్తుంది. మన ఎండాకాలంలో బయట పెడితే రెండు రోజులకే సిర్కా వాసన కొడుతుంది. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, గడ్డల్ని సంచిలో వేసి డీప్ ఫ్రీజర్లో ఉంచుకోవడం ఇంకా మేలు. ట్రేలో ఒక గుంట ఎన్ని మి.లీ. పడుతుందో ఒక్కసారి కొలిచి పెట్టుకుంటే ప్రతిసారీ సీసా విప్పే పని ఉండదు.

ఇప్పుడు రొయ్యలు. మన దగ్గర సముద్రం లేదు. కడపకు నెల్లూరు వైపు నుంచి సరుకు కాస్త త్వరగా చేరుతుంది, కర్నూలు, అనంతపురాలకు ఇంకొన్ని గంటలు పడుతుంది. వచ్చేది దాదాపు అంతా చెరువుల్లో పెంచిన వనామి రకం రొయ్యే, థర్మాకోల్ పెట్టెల్లో ఐసు మధ్య. ఎంత దూరం వచ్చిందన్నది అంత ముఖ్యం కాదు, దారిలో ఐసు కరిగిందా లేదా అన్నది ముఖ్యం. పెట్టె అడుగున మురికి నీళ్లలో రొయ్యలు తేలుతుంటే కొనకండి. ఆ నీటిలో రుచి కరిగిపోతుంది, కండ ఉబ్బుతుంది. తల మెడ దగ్గర గట్టిగా పట్టుకుని ఉందా చూడండి. తల వేలాడుతూ, లోపలి పదార్థం నారింజ రంగులో కారుతుంటే అది పాతది. పెంకు కింద నల్ల మచ్చలు రొయ్యలోని ఒక ఎంజైము పని. అవి కొద్దిగా ఉన్నంత మాత్రాన కుళ్లినట్టు కాదు. వాసనే అసలు పరీక్ష: సముద్రపు ఉప్పు వాసన మంచిదే, అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలితే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. వైన్ వంటలో మసాలా ఉండదు కాబట్టి పాత రొయ్యను దాచే దారి లేదు.

ఏప్రిల్, మే నెలల్లో, కర్నూల్లో ఎండ 40 దాటినప్పుడు, నా మాట వింటే గడ్డకట్టించిన పచ్చి రొయ్యల ప్యాకెట్టే కొనండి. చెరువు పక్కనే గడ్డకట్టించిన రొయ్య, మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉన్న ‘తాజా’ రొయ్యకంటే నిజంగా తాజాది. గులాబీ రంగులో ఉన్నవి ముందే ఉడికించినవి, అవి వద్దు. బూడిద రంగువి తీసుకోండి. ప్యాకెట్ వెనక పదార్థాల్లో ఫాస్ఫేట్లు (కండలో నీటిని నిలపడానికి కలిపేవి) రాసి ఉంటే ఆ రొయ్య పెనంలో నీరు బాగా వదులుతుంది. అలాంటివి మిగతావాటికంటే తక్కువ తక్కువగా, మూడు దఫాలుగా వేయించుకోవాలి. రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలోకి దించితే పొద్దునకు విడుతుంది. తొందరుంటే సంచి మూతి కట్టి చల్లటి నీళ్లలో అరగంట ఉంచండి. వేడి నీళ్లు పోయకండి, పైపొర అక్కడే ఉడికిపోతుంది.

సైజు ‘కౌంట్’లో చెబుతారు. 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు, ఒక్కోటి 25 గ్రాములు. ఈ వంటకు 30 నుంచి 50 కౌంట్ మధ్య బాగుంటుంది. 80, 100 కౌంట్ చిన్న రొయ్యలు పెనం తాకీ తాకకముందే అయిపోతాయి, వాటిని గోంగూరకో వేపుడికో ఉంచండి. తల, పెంకు తీస్తే బరువు సుమారు సగమవుతుంది. నలుగురికి 400 గ్రాముల శుభ్రం చేసిన రొయ్యలు కావాలంటే కిలోకు కాస్త తక్కువ కొనాలి.

కడగడంలో మన అలవాటు ఒకటి మానుకోవాలి. రొయ్యలకు పసుపు, ఉప్పు, నిమ్మకాయ పట్టించి పావుగంట ఉంచడం పులుసుకైతే సరే. ఇక్కడ మాత్రం నిమ్మ పులుపు పైపొరను మంట లేకుండానే గట్టిపరుస్తుంది, పసుపు వైన్ వాసనను మింగేస్తుంది. వైన్‌లో నానబెట్టడం కూడా ఇదే కారణంగా వద్దు. తల తీసి, పెంకు వలిచి, వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్ల నరం లాగేయండి. తోక ఉంచితే చూడ్డానికి బాగుంటుంది. కుళాయి కింద ఒక్కసారి చకచకా కడిగి, వెంటనే పొడి గుడ్డ మీద పరచి పైనుంచి ఇంకో గుడ్డతో అద్దండి. ఈ అద్దడం దగ్గర బద్ధకించకూడదు. తడి రొయ్య వేగదు, తన నీటిలో తానే ఉడుకుతుంది.

ఆరిన 400 గ్రాముల రొయ్యలకు అర టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ వంట సోడా పట్టించి ఫ్రిజ్‌లో 20 నిమిషాలు ఉంచండి. సోడా క్షారం వల్ల కండ నీటిని పట్టి ఉంచుకుంటుంది, కొరికితే పటుక్కుమంటుంది, ఒక పావు నిమిషం ఎక్కువ వేగినా క్షమిస్తుంది. పావు టీస్పూన్ దాటితే సబ్బు రుచి వస్తుంది, జారుడుగా అవుతుంది. కొలిచే వేయండి.

తలలు, పెంకులు పారేయకండి. ఈ వంటలో సగం రుచి వాటిదే. ఒక టీస్పూన్ నూనెలో మూడు నాలుగు నిమిషాలు, ఎర్రబడేదాకా వేయించండి, తలల్ని గరిటెతో నొక్కుతూ. 300 మి.లీ. నీళ్లు పోసి సన్నటి మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచి వడగట్టండి. సుమారు 150 మి.లీ. రసం వస్తుంది. అరగంట మరిగిస్తే ఎక్కువ రుచి వస్తుందనుకోవద్దు, చేదు వస్తుంది. ఉప్పు వేయొద్దు, ఈ రసం మళ్లీ మరగబోతోంది. తలలు అనుమానంగా ఉంటే పెంకులతోనే కాచుకోండి.

పాత్ర విషయానికి వస్తే, అల్యూమినియం బాణలి, సరిగా నూనె పట్టని ఇనప మూకుడు వద్దు. వైన్ పులుపు వాటితో కలిసి రసానికి లోహపు రుచి, నల్లటి రంగు ఇస్తుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు పెనం, 26 సెంటీమీటర్ల వెడల్పుది, అన్నిటికంటే మంచిది. నాన్‌స్టిక్ వాడొచ్చు, కాకపోతే అడుగున పట్టే గోధుమరంగు మాడు, అదే రసానికి వచ్చే రుచి, అందులో తక్కువ పడుతుంది.

ఇక వంట. పొయ్యి వెలిగించే ముందే అన్నీ పక్కన పెట్టుకోండి, మధ్యలో తెల్లగడ్డ వలవడానికి సమయం ఉండదు. ఎనిమిది తెల్లగడ్డ రేకులు పలుచగా చీల్చినవి, సగం చిన్న ఎర్రగడ్డ సన్నగా తరిగినది (40 గ్రాములు దాటొద్దు), రెండు ఎండుమిరపకాయలు తుంచినవి, 120 మి.లీ. వైన్ ఒక గ్లాసులో కొలిచి పోసినది, 100 మి.లీ. పెంకుల రసం, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 30 గ్రాముల వెన్న నాలుగు ముక్కలు, కొత్తిమీర, అర నిమ్మకాయ. నూనె రిఫైండ్ వేరుశనగ నూనె రెండు టేబుల్ స్పూన్లు. గానుగ నూనె అనంతపురం వంటలకు ప్రాణమే, కానీ దాని వాసన ముందు వైన్ నిలవదు.

పెనం పెద్ద మంట మీద బాగా కాలనివ్వండి, నీటి చుక్క వేస్తే ఉండలా పరుగెత్తాలి. నాన్‌స్టిక్ అయితే ఇలా ఖాళీగా కాల్చకండి, నూనె వేశాకే వేడి చేయండి. ఒక టేబుల్ స్పూన్ నూనె, సగం రొయ్యలు ఒకదానికొకటి తగలకుండా పరచండి. కదపకుండా ఒక నిమిషం. అంచు గులాబీ రంగుకి తిరిగి, కిందివైపు అక్కడక్కడ గోధుమరంగు పట్టగానే తిప్పి ముప్పై సెకన్లు. నడుమ మాంసం ఇంకా కాస్త అద్దంలా కనబడుతుండగానే పళ్లెంలోకి తీసేయండి. దాచుకున్న వేడి మిగతా పని చేస్తుంది. రొయ్య వంకర చూస్తే తెలిసిపోతుంది: సున్నలో కొంత తెరిచినట్టుగా వంగితే సరిపోయింది, తోక తలను తాకేలా పూర్తి సున్న చుట్టుకుంటే దాటిపోయింది. రెండో సగం కూడా అదే నూనెలో ఇలాగే. మొత్తం ఒకేసారి వేస్తే పెనం చల్లబడి నీళ్లు ఊరతాయి. మన గ్యాసు పొయ్యిల చిన్న బర్నరుకు ఈ విషయంలో మరీ జాగ్రత్త కావాలి, పెద్ద బర్నరే వాడండి.

మంట బాగా తగ్గించి మిగతా నూనె, ఎర్రగడ్డ, ఒక నిమిషం తర్వాత తెల్లగడ్డ, మిరపకాయలు. తెల్లగడ్డ వాసన లేచి అంచులు లేత బంగారు రంగుకి వస్తే చాలు, ముప్పై నలభై సెకన్లు. ఎర్రబడిందంటే చేదు వచ్చేసినట్టే, వైన్ ఆ చేదును కడగదు, పెంచుతుంది. అలా జరిగితే ఆ తెల్లగడ్డ తీసిపారేసి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం.

ఇప్పుడు పెనాన్ని మంట మీంచి పక్కకు తీసి, గ్లాసులోని వైన్ పోయండి. సీసా ఎత్తి మంట మీద ఉన్న పెనంలోకి పోయకూడదు, ఆవిరికి మంట అంటుకుంటుంది. పోశాక తిరిగి పెద్ద మంట మీద పెట్టి, అడుగున అంటినదంతా చెక్క గరిటెతో గీకండి. మూత వద్దు. మొదటి నిమిషం ముఖం దగ్గర పెడితే కళ్లు మండుతాయి. రెండు మూడు నిమిషాలకు ఆ ఘాటు పోయి పండు వాసన మిగులుతుంది, బుడగలు పెద్దవై నెమ్మదిస్తాయి. 120 మి.లీ. సుమారు 40 మి.లీ. అయి ఉంటుంది. గరిటెతో అడుగున గీత గీస్తే ఒక క్షణం నిలవాలి. అప్పుడు పెంకుల రసం పోసి ఇంకో నిమిషంన్నర మరగనివ్వండి.

రొయ్యల్ని, పళ్లెంలో ఊరిన రసంతో సహా, వెనక్కి వేయండి. ముప్పై నలభై సెకన్లు తిప్పి పొయ్యి ఆపేయండి. ఆపాకే వెన్న: ముక్క వేసి పెనాన్ని గుండ్రంగా తిప్పుతూ, అది కరిగాక ఇంకోటి. చల్లటి వెన్న నెమ్మదిగా కరిగితే నీరూ కొవ్వూ కలిసి రసం చిక్కబడి మెరుస్తుంది. మంట మీద ఉంచి మరిగిస్తే విడిపోయి పైన నూనె తేలుతుంది. విడిపోతే ఒక టేబుల్ స్పూన్ చల్లటి నీళ్లు వేసి గబగబా తిప్పండి, చాలావరకు కలుస్తుంది. అమూల్ వంటి పసుపు వెన్న ఉప్పుది, కాబట్టి రుచి చూడకుండా ఉప్పు వేయకండి. చివరగా నిమ్మరసం ఒక టీస్పూన్, కొత్తిమీర, దంచిన మిరియాలు.

రసం మరీ పుల్లగా అనిపిస్తే వైన్ ఎక్కువైందని అర్థం. ఇంకా మరిగించకండి, నీరు పోతుంది గాని పులుపు పోదు. రెండు చెంచాల పెంకుల రసం, పది గ్రాముల వెన్న, చిటికెడు చక్కెర సర్దుతాయి. పలుచగా ఉంటే రొయ్యలు తీసి రసాన్ని విడిగా మరిగించాలి. పిండి కలపొద్దు. చిక్కదనం కోసం మీగడ వేసేవారు పొయ్యి ఆపాకే వేయండి. డబ్బాల్లో వచ్చే 25 శాతం కొవ్వు క్రీమ్ పులుపు తగిలి మరిగితే విరుగుతుంది. పెరుగైతే తప్పకుండా విరుగుతుంది, అసలు వద్దు.

కారం గురించి మన ప్రాంతం వారికి కాస్త గట్టిగానే చెప్పాలి. ఎర్రకారం, ధనియాల పొడి, గరం మసాలా వేశాక వైన్ పోసినా పోయకపోయినా తేడా తెలియదు, డబ్బు దండగ. కారం లేనిదే ముద్ద దిగదంటే ఎండుమిరపకాయలు నాలుగు చేయండి, లేదా నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి తెల్లగడ్డతోపాటు వేయండి. మిరప మంటకు కారణమైన పదార్థం ఆల్కహాల్లో బాగా కరుగుతుంది. వైన్ పోశాక కారం అనుకున్నదానికంటే ఎక్కువ తెలుస్తుంది, అది లెక్కలో పెట్టుకోండి. అల్లం–తెల్లగడ్డ ముద్ద కూడా వద్దు, అది అడుగంటి మాడుతుంది.

టమాటాతో చేయాలంటే వరస అదే, వైన్ మరిగిన తర్వాత పెంకుల రసం బదులు రెండు పండిన టమాటాలు తురిమి వేసి నాలుగు నిమిషాలు మగ్గించాలి. టమాటా, వైన్ రెండూ పులుపే కాబట్టి వైన్ 80 మి.లీ.కి తగ్గించండి, నిమ్మకాయ మానేయండి.

ఎండ్రకాయలకు వరస కాస్త మారుతుంది. పెంకు కవచంగా ఉంటుంది కాబట్టి వైన్‌తో కలిసి ఉడికినా కండ చెడదు. సముద్రపు బురద ఎండ్రకాయలు బతికున్నవే కొనాలి. చచ్చినదాంట్లో కండ గంటల్లో చెడుతుంది. అరగంట డీప్ ఫ్రీజర్లో పెడితే మత్తులోకి పోతుంది, అప్పుడు కోయండి. పై చిప్ప తీసి, పక్కల దూదిలాంటి మొప్పలు పీకేసి, నాలుగు ముక్కలు చేసి, పెద్ద గోళ్లను రోకలితో ఒక్కో దెబ్బ కొట్టండి. కిలోకు పది తెల్లగడ్డ రేకులు, చిన్న అల్లం ముక్క సన్నగా తరిగి, నాలుగు పచ్చిమిరపకాయలు, మూడు టేబుల్ స్పూన్ల నూనె. ఇవి వేగాక 150 మి.లీ. వైన్ పోసి మూత లేకుండా రెండు నిమిషాలు గట్టిగా మరిగించి, అప్పుడు ముక్కలు, 100 మి.లీ. నీళ్లు. మూత పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. పెంకంతా ఎర్రబడి, గోటిలోని కండ తెల్లగా విడిపోతే అయినట్టు. మూత తీసి రసం సగమయ్యాక పొయ్యి ఆపి వెన్న వేయండి.

పొలం గట్ల మీద, వాగుల్లో పట్టే మంచినీటి ఎండ్రకాయల్ని మాత్రం ఇలా త్వరగా వండకూడదు. వాటిలో ఊపిరితిత్తులకు పట్టే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది, వైన్ దాన్ని చంపదు. వాటిని మామూలుగా పులుసులో బాగా ఉడికించుకోవాలి.

ఆల్చిప్పలు మన ఊళ్లలో ప్రాణంతో దొరకడం అరుదు. దొరికినా, చేతికి మూసుకుని ఉన్నవి లేదా తట్టగానే మూసుకునేవి మాత్రమే తీసుకోండి. నోరు తెరిచి కదలనివి, పగిలినవి పారేయండి. లీటరు నీళ్లకు 30 గ్రాముల ఉప్పు వేసి అందులో గంట ఉంచితే ఇసుక కక్కుతాయి. ఉత్త మంచినీళ్లలో వేస్తే చచ్చిపోతాయి. వండేది తేలిక: తెల్లగడ్డ, 150 మి.లీ. వైన్ రెండు నిమిషాలు మరిగాక కిలో ఆల్చిప్పలు వేసి మూత పెట్టి నాలుగైదు నిమిషాలు. తెరుచుకోనివి తినకండి. గడ్డకట్టిన సగం చిప్పలవి దొరికితే అవి చాలావరకు ముందే ఉడికినవి, తయారైన రసంలో వేడెక్కితే చాలు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ‘మరిగిస్తే ఆల్కహాలంతా పోతుంది’ అనేది నిజం కాదు. వంటలో కలిపి 15 నిమిషాలు ఉడికించినా సుమారు 40 శాతం, అరగంటకు 35 శాతం, గంటకు 25 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతాయి. వెడల్పు పెనంలో మూత లేకుండా మూడో వంతుకు మరిగిస్తే బాగా తగ్గుతుంది, కానీ సున్నా కాదు. కాబట్టి పిల్లలకు, గర్భిణులకు, మద్యం మానేసినవారికి, మెట్రోనిడజోల్ (ఒక యాంటీబయాటిక్) వంటి మందులు వాడుతున్నవారికి ఇది వడ్డించకండి. మతం వల్లో నియమం వల్లో మద్యం ముట్టని అతిథులు ఉంటే పళ్లెం ముందుపెట్టకముందే చెప్పండి. కూరలో కనబడదు కదా అని ఊరుకోవడం తప్పు.

వాళ్లకోసం అదే వంట వైన్ లేకుండా చేయొచ్చు. 120 మి.లీ. వైన్ బదులు 100 మి.లీ. పెంకుల రసం, 20 మి.లీ. తెల్ల ద్రాక్షరసం కలిపి అలాగే సగానికి మరిగించి, పొయ్యి ఆపాక రెండు టీస్పూన్ల నిమ్మరసం కలపండి. వైన్ పరిమళం రాదు, పులుపూ తీపీ సమపాళ్లలో వస్తాయి. విడి పెనంలో, విడి గరిటెతో చేయండి.

దీన్ని వేటితో తినాలన్నది కూడా రుచిని మారుస్తుంది. రాగి సంగటి ఎండ్రకాయల పులుసుకు ఎంత బాగుంటుందో ఈ పలుచటి వెన్న రసానికి అంత బరువవుతుంది. జొన్న రొట్టె వేడిగా, పలుచగా ఉంటే రసం అద్దుకోవడానికి చక్కగా ఉంటుంది. పొడిపొడిగా వండిన కొర్రన్నం అంతకంటే నయం, రసాన్ని పీల్చుకుంటుంది గాని తన రుచి పైకి రానివ్వదు. స్పఘెట్టి చేసేవారు 200 గ్రాములు ఉడికించి, వార్చిన నీళ్లు 100 మి.లీ. దాచి, పెంకుల రసంలో సగం బదులు వాటిలోంచి 50 మి.లీ. పోయండి. ఆ గంజి వల్ల వెన్న విడిపోదు.

మిగిలితే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయండి. వేడిచేసేటప్పుడు రొయ్యలు ఏరి పక్కన పెట్టి, రసం ఒక్కటే ఉడుకు పట్టేదాకా కాచి, పొయ్యి ఆపాక రొయ్యల్ని అందులో వేసి రెండు నిమిషాలు మూత పెట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే రొయ్య మళ్లీ మీరు మొదట వండినంత గట్టిగా అవుతుంది.